డిఫెండర్ చేతిలో బంగాళాదుంప

ఒక వార్త ఉంది. చెప్పడానికి నోరు దురద పెడుతోంది. ఇంట్లో చెప్పేశాను, ఎదురింటివాళ్ళకి చెప్పేశాను, టెక్సస్‌లో మా ఊరు ఫ్రిస్కోలో ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు ప్యాకెట్లు స్కాన్ చేసే ఆవిడకి కూడా చెప్పేశాను. ఆవిడ "ఓ, కంగ్రాట్స్ అండీ, బ్యాగ్ కావాలా?" అంది. ఇక్కడ మాత్రం ఆ వార్త చివర్లో చెబుతాను. ఇది నేను చేసిన పని గురించి రాస్తున్నది. ఆ పనిలో మొదటి పాఠం ఆగడం. ఎదుటి మనిషి బంతితో మీదికి వస్తున్నప్పుడు తొందరపడి కాలు విసిరితే, ఆ మనిషి మనల్ని దాటి వెళ్ళిపోతుంది. ఆగితే, ఆమే తొందరపడుతుంది.

దీన్ని రాయమని అడిగింది మన తెలుగు సంఘం సావనీర్ చూసే వనజ ఆంటీ.

"మన అమ్మాయిలు చాలామంది సాకర్‌లోకి వస్తున్నారమ్మా. కొంచెం ఇన్‌స్పిరేషన్‌గా రాసి పంపు. కప్పు పట్టుకున్న ఫొటో కూడా పెట్టు."

"కప్పు ఎప్పుడూ గెలవలేదు ఆంటీ."

"పోనీ ఎవరిదైనా తీసుకుని పట్టుకో. ఎవరు చూడొచ్చారు!"

ఫొటో పంపలేదు. ఇన్‌స్పిరేషన్ సంగతి నాకు తెలియదు. పని ఎలా ఉంటుందో చెప్పగలను.

నా పేరు రూత్. రాజమండ్రిలో ఐదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. అమ్మకి జర్మనీలో ఒక వృద్ధాశ్రమంలో పని దొరికితే అందరం అక్కడికి వెళ్ళాం. నాన్న ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. పదహారేళ్ళకి నేను బడి మానేసి ఫుట్‌బాల్ ఆడాను. జర్మనీలో పదిహేనేళ్ళ పైన డిఫెండర్‌గా ఉన్నాను, ఎక్కువ కాలం రెండో డివిజన్‌లో, కొన్నాళ్ళు మొదటి డివిజన్‌లో. తర్వాత టెక్సస్ వచ్చి ఒక చిన్న క్లబ్‌కి ఆడాను. ఇక్కడే మోకాలు పోయింది. అప్పటినుంచి నా ముందున్న ప్రశ్న ఒక్కటే: ఆడే కాలు పోయాక ఆట దగ్గర నాకు చోటు ఉంటుందా, ఉండదా? మిగతా కథంతా ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

ఇక్కడ దీన్ని సాకర్ అంటారు. నాకు నోరు తిరగదు. ఫుట్‌బాల్ అనే రాస్తాను.

పని ఏమిటంటే

గోల్‌కీపర్‌కి ముందు నలుగురు వరసగా నిలబడతారు. మధ్యలో ఇద్దరిని సెంటర్ బ్యాక్‌లు అంటారు. నేను అందులో ఒకదాన్ని. బయటినుంచి చూసేవాళ్ళకి మేము సగం సేపు ఊరికే నిలబడ్డట్టే కనిపిస్తాం. నిజానికి అప్పుడే ఎక్కువ పని చేస్తుంటాం. ఎవరు ఎక్కడున్నారు, వెనక ఎవరైనా చేరారా, పక్కనున్న అమ్మాయి అలిసిపోయిందా, ఇవన్నీ చూసుకుంటూ, అరుస్తూ ఉంటాం. డిఫెండర్‌కి కాళ్ళ తర్వాత కావలసింది గొంతు.

గోల్ వేసినవాళ్ళ పేరు అందరికీ తెలుస్తుంది. మేము ఆపిన గోల్ ఎవరికీ కనిపించదు, ఎందుకంటే అది పడలేదు. జర్మనీలో మా ఊరి పేపర్‌లో నా పేరు అచ్చయిన ప్రతిసారీ మేము ఓడిపోయి ఉన్నాం. అమ్మకి ఆ తేడా పట్టేది కాదు. పేపర్ ముక్క కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించేది.

"నీ పేరు ఎంత పెద్దగా వేశారో సూడవే!"

"అమ్మా, నావల్లే గోల్ పడిందని రాశారు."

"అయితే ఏంటంట? గోల్ ఏసిన పిల్ల పేరు కింద చిన్నగా ఏశారు."

మా పనిలో ఒక కిటుకు ఉంది, అది చెప్పకపోతే తర్వాత కథ అర్థం కాదు. అవతలి జట్టు అమ్మాయికి బంతి అందించే క్షణానికి ఆమె మా చివరి డిఫెండర్‌ని దాటి గోల్ వైపు ముందే చేరి ఉంటే, అది ఆఫ్‌సైడ్. చెల్లదు. అందుకని ఆ బంతి వచ్చే ముందు మేం నలుగురం ఒక్కసారిగా, ఒకే అడుగులో, ముందుకి జరుగుతాం. ఆ అమ్మాయి వెనక మిగిలిపోతుంది. గీత పక్కన ఉండే లైన్ రిఫరీ జెండా ఎత్తుతాడు. అయితే నలుగురూ ఒకేసారి కదలాలి. ఒక్కరు ఆలస్యమైనా వల తెగినట్టే.

దానికి ఒక కేక కావాలి. జర్మన్‌లో వేసే కేక అవతలివాళ్ళకీ తెలుసు, వినగానే జాగ్రత్త పడతారు. అందుకని నా పక్కన ఆడే కాట్యాకి నేను తెలుగు నేర్పాను. ఒకే మాట: "పద!" ఆ తర్వాత మా నలుగురికీ అదే కేక. చలిలో, వర్షంలో, ఎక్కడో జర్మనీ మైదానంలో నలుగురు అమ్మాయిలు "పద!" అని ముందుకి దూకేవాళ్ళు. మొదటిసారి మ్యాచ్‌కి వచ్చిన అమ్మ కంగారుపడింది. "ఆ తెల్లపిల్ల నన్ను చూసి పద పద అంటాదేంటే? ఎక్కడికి ఎల్లాలి నేను?"

హెల్గా దుంపలు

నాకు పని నేర్పిన మనిషి హెల్గా. పొద్దున ట్రామ్ నడిపేది, సాయంత్రం మాకు కోచింగ్ ఇచ్చేది. ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌లో అప్పట్లో డబ్బు లేదు, అందరం ఇంకేదో పని చేసేవాళ్ళమే. నేను బూట్ల షాపులో ఉండేదాన్ని. ట్రామ్ స్టాపులో అయినా, మైదానంలో అయినా, హెల్గా ఒకే గొంతుతో మాట్లాడేది: తలుపులు మూసుకుంటున్నాయి, జాగ్రత్త, అన్నట్టు.

ప్రాక్టీస్‌కి వచ్చిన డిఫెండర్ ప్రతి ఒక్కరికీ క్లబ్ వంటింట్లోంచి రెండు బంగాళాదుంపలు ఇచ్చేది. చేతికి ఒకటి. ప్రాక్టీస్ అయ్యేదాకా వాటిని పట్టుకునే పరిగెత్తాలి, తిరగాలి, తలతో బంతి కొట్టాలి. ఎవరి దుంప కింద పడితే వాళ్ళు ఆ వారం మ్యాచ్ రోజు అమ్మే పొటాటో సలాడ్‌కి దుంపలు తొక్క తీయాలి. మొదటి సీజన్ అంతా నేను తొక్కలు తీశాను. క్లబ్ వంటింటి ఆవిడకి నేను ఫుట్‌బాల్ కూడా ఆడతానని చాలాకాలం తెలియదు.

దుంపలు రెండు పనులు చేసేవి. ఒకటి, చేతిలో ఏదైనా ఉంటే ఎదుటి అమ్మాయి చొక్కా పట్టుకోలేం. రెండోది చెయ్యి ఎత్తడం. డిఫెండర్లకి పుట్టుకతో వచ్చే జబ్బు ఇది. ఆఫ్‌సైడ్ అనిపించగానే చెయ్యి గాల్లోకి లేస్తుంది, "సార్, అది చెల్లదు!" అని రిఫరీకి చెప్పుకోవడానికి. టీవీలో ఏ మ్యాచ్ చూసినా కనిపిస్తుంది. చెయ్యి లేవగానే మనిషి పరుగు ఆగుతుంది. మీరు మీ ఇంటి వెనక లాన్‌లో చేసి చూడండి: చెయ్యి నిటారుగా ఎత్తి గట్టిగా పరిగెత్తండి. కుదరదు.

"చెయ్యి ఎత్తావంటే ఏంటి అర్థం?" అనేది హెల్గా. "నా పని అయిపోయింది, మిగతాది నువ్వు చూసుకో అని వేరేవాడికి అప్పజెప్పడం. వాడు చూసుకోడు. విజిల్ వినిపించేదాకా ఆట నీదే."

నలుగురం చేతులెత్తిన రోజు

దుంపలు ఎంత పట్టుకున్నా ఒక రోజు వస్తుంది.

సీజన్ చివరి మ్యాచ్. డ్రా చేసుకుంటే రెండో డివిజన్‌లో నిలబడతాం, ఓడితే కిందికి పోతాం. కిందికి పోతే స్పాన్సర్ ఉండడని అందరికీ తెలుసు. స్కోరు సమానంగా ఉంది, ఇంకాసేపట్లో అయిపోతుందనగా అవతలి జట్టు మధ్యలోంచి పొడుగు బంతి వేయబోతోంది. కాట్యా "పద!" అంది. నలుగురం ఒకే అడుగు వేశాం. ఆ సీజన్ మొత్తంలో అంత బాగా ఎప్పుడూ వేయలేదు. అవతలి అమ్మాయి మా వెనక ఒంటరిగా మిగిలిపోయింది. నలుగురం ఒకేసారి చేతులెత్తాం, జవాబు తెలిసిన క్లాసు పిల్లల్లాగా.

జెండా లేవలేదు.

ఆ అమ్మాయి కూడా ఒక క్షణం ఆగి మా వంక చూసింది, ఆడాలా వద్దా అన్నట్టు. తర్వాత వెళ్ళి గోల్ వేసింది. అప్పటికీ మా చేతులు పైనే ఉన్నాయి.

ఆఫ్‌సైడేనా అంటే, అవును. తర్వాత వీడియోలో చూశాం, స్పష్టంగా ఉంది. మేము రైటు. స్కోరు మాత్రం మారలేదు. మేము కిందికి పోయాం, స్పాన్సర్ వెళ్ళిపోయాడు, కాట్యా ఆట మానేసి బ్యాంకులో చేరింది.

బస్సులో హెల్గా ఎవర్నీ తిట్టలేదు. లైన్ రిఫరీని కూడా తిట్టలేదు. తర్వాతి ప్రాక్టీస్‌కి మిగిలినవాళ్ళం వెళ్ళేసరికి బుట్టలో దుంపలు పెట్టుకుని నిలబడి ఉంది. ఎవరి రెండు వాళ్ళం తీసుకున్నాం.

ఆ రోజు నుంచి ఆట మానేసేదాకా నేను మైదానంలో చెయ్యి ఎత్తలేదు. గొప్పకి చెప్పడం లేదు. అలవాటు ఎముకల్లోకి వెళ్ళిపోయిందని చెబుతున్నాను. ఎముకల్లోకి వెళ్ళిన అలవాటు మైదానం దగ్గర ఆగదని అప్పుడు తెలియదు.

ఇస్త్రీ చొక్కా కోచ్

తర్వాత మొదటి డివిజన్ క్లబ్ ఒకటి నన్ను తీసుకుంది. అక్కడి కోచ్ ప్రాక్టీస్‌కి కూడా ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చేవాడు. మర్యాదస్తుడు. ఒక్కసారి గొంతు పెంచలేదు. నన్ను జట్టులోంచి తీసేసినప్పుడు కూడా పెంచలేదు, ఎందుకంటే నాకు చెప్పనేలేదు. గోడ మీద అంటించిన పేర్లలో నా పేరు లేకపోవడం చూసి తెలుసుకున్నాను. కారణం అడిగితే, "నువ్వు చాలా ముఖ్యమైన సభ్యురాలివి," అన్నాడు. అదే మాట ఇంకో ముగ్గురికి కూడా చెప్పాడని తర్వాత తెలిసింది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నా అభిప్రాయం: అరిచే కోచ్‌కి భయపడకండి. తప్పు ఎక్కడుందో అరుపులోనే ఉంటుంది. తప్పేమిటో చెప్పకుండా నవ్వే కోచ్ దగ్గర ఎక్కువకాలం ఉండకండి. నేను ఉండిపోయాను, మొదటి డివిజన్ అనే మాట బాగుందని. ఆడిన మ్యాచ్‌లకంటే బెంచీ మీద కూర్చున్న మ్యాచ్‌లే ఎక్కువ. ఆ రోజుల్లో కొత్తగా నేర్చుకున్నదంటూ ఏమీ లేదు.

టెక్సస్ ఎండ, మోకాలు

ఇక్కడి చిన్న క్లబ్ ఒకటి పిలిస్తే ముప్పై దాటాక వచ్చాను. రెండో సీజన్‌లో మోకాలు తిరిగింది. ఎవరూ తగల్లేదు. పచ్చిక మీద మామూలుగా తిరిగాను, కాలు మాత్రం నాతో రాలేదు. అంతే.

ఫిజియోథెరపీ చేసిన కిరణ్‌నే పెళ్ళి చేసుకున్నాను. అమెరికాలోనే, మోరిస్‌విల్‌లో పుట్టి పెరిగినవాడు. తెలుగు బాగా అర్థమవుతుంది, మాట్లాడితే మాత్రం వనజ ఆంటీ కళ్ళు తుడుచుకుంటుంది, నవ్వాపుకోలేక. ఫ్రిస్కోలో ఇల్లు తీసుకున్నాం. కాలు కుదుటపడ్డాక పక్కూరు కాపెల్‌లో అమ్మాయిల క్లబ్ జట్టుకి సాయంత్రాలు కోచింగ్ మొదలుపెట్టాను.

అక్కడ నాకు శ్రీకాంత్ గారు పరిచయమయ్యారు. ఐటీలో పెద్ద పొజిషన్. వాళ్ళమ్మాయి నిహ మా డిఫెండర్, నన్ను కోచ్ ఆంటీ అంటుంది. మొదటి నెలలోనే ఆయన నా కార్ దగ్గరికి వచ్చారు.

"మేడమ్, ఒక్క నిమిషం. మా పాపని డిఫెన్స్‌ల ఎందుకు వెట్టిన్రు?"

"బాగా చూస్తుందండీ. వెనకాల ఎవరున్నారో తలతిప్పకుండా తెలుసుకుంటుంది."

"అది మంచిదే గానీ, గోల్స్ లేకపోతే రేపు కాలేజ్ అప్లికేషన్‌ల ఏం రాస్తం? 'మా పాప బాగా చూస్తది' అని రాస్తమా?"

"రాయండి. చూసేవాళ్ళు తక్కువ."

ఆయన నవ్వలేదు. కానీ ప్రతి మ్యాచ్‌కీ వచ్చేవారు. కొన్నాళ్ళకి గీత పక్కన నిలబడి, "నిహా, ఎన్కకి చూడు బేటా, ఎన్కకి!" అని నాకంటే గట్టిగా అరవడం మొదలుపెట్టారు. ఇంకొన్నాళ్ళకి పక్కన నిలబడ్డ నాన్నగార్లకి ఆఫ్‌సైడ్ గురించి క్లాసు పీకుతున్నారు.

మార్షా చెప్పిన మాట

ఇక్కడికి దగ్గర్లో ఒక కాలేజీలో అమ్మాయిల జట్టుకి హెడ్ కోచ్ మార్షా. పెద్ద పికప్ ట్రక్కు, చిన్న మనిషి. మా అమ్మాయిల మ్యాచ్ చూసి నా దగ్గరికి వచ్చింది.

"మీ వెనక వరసకి ఎవరు నేర్పారు?"

"నేనే."

"నాకు డిఫెండర్లకి అసిస్టెంట్ కోచ్ కావాలి. ఫుల్‌టైమ్. వస్తావా?"

వస్తానన్నాను. అడుగుతుండగానే అన్నాను. అప్పుడు ఆమె టోపీ తీసి తల గోక్కుంది.

"ఒక్క సంగతి, హనీ. నీకు డిగ్రీ ఉందా?"

లేదన్నాను. పదో తరగతి అయ్యాక బడి మొహం చూడలేదన్నాను.

"అయితే హెచ్ఆర్ సిస్టమ్ నీ అప్లికేషన్‌ని నా టేబుల్ దాకా రానివ్వదు. నువ్వు ఆట కనిపెట్టినదానివైనా సరే. ఈ పోస్ట్ ఎవరికో ఇస్తాను. ఇక్కడ అసిస్టెంట్లు ఎక్కువకాలం ఉండరు, మళ్ళీ ఖాళీ అవుతుంది. అప్పటికి చదివేసి ఉండు."

కిరణ్‌కి ఇంటికొచ్చి చెప్పాను. "సో, కాలేజ్‌కి వెళ్ళు. ఇట్స్ నాట్ దట్ హార్డ్, రూత్," అన్నాడు. వాళ్ళింట్లో అమ్మానాన్న, అక్క, అందరూ మాస్టర్స్. మాకు అమ్మ వైపు, నాన్న వైపు డిగ్రీ దాకా వెళ్ళినవాళ్ళు ఒక్కరూ లేరు. రిజిస్ట్రార్ అంటే ఎవరో, క్రెడిట్ అవర్ అంటే ఏమిటో పుట్టింట్లో అడగడానికి లేదు. అయినా చేరాను. పగలు క్లాసులు, సాయంత్రం కాపెల్. కొన్నేళ్ళు గడిచాయి. కాలేజీ పిల్లలు నన్ను ప్రొఫెసర్ అనుకుని నాకోసం తలుపు తెరిచి పట్టుకునేవాళ్ళు.

చివరి సెమిస్టర్‌లో ఉండగా మార్షా ఫోన్ చేసింది. "పోస్ట్ ఖాళీ అయింది. ఆగస్టులో ప్రాక్టీస్ మొదలు. మే నెలలో నీ చేతిలో డిగ్రీ ఉంటే నీది. తర్వాతైతే నేను ఆగలేను."

చివరి వరస

మిగిలింది ఒక సెమినార్, స్పోర్ట్స్ గురించే. నాకు తేలికనుకున్నాను. ప్రొఫెసర్ డాక్టర్ కోల్, నెమ్మదిగా మాట్లాడే మనిషి. సెమిస్టర్ సగంలో నన్ను ఆఫీస్‌కి పిలిచారు.

"మీ పేపర్లు చాలా బాగున్నాయి. కానీ మీరు ఒక్కసారి కూడా క్లాసులో మాట్లాడలేదు. ఇది సెమినార్. పార్టిసిపేషన్ లేకుండా నేను పాస్ చేయలేను. ఏమైనా ఇబ్బందా?"

ఇబ్బందేమీ లేదన్నాను. నిజంగానే నాకు తెలియదు. కార్‌లో కూర్చుని ఆలోచించాను. కాలేజీలో చేరినప్పటినుంచి ఏ క్లాసులోనైనా నా కుర్చీ ఒకటే: చివరి వరస, సరిగ్గా మధ్యలో. అందరి వీపులూ కనిపిస్తాయి. సెంటర్ బ్యాక్ చోటు. అక్కడ కూర్చుని ఎవరేం మాట్లాడుతున్నారో, ఎవరు ఎటు వెళుతున్నారో మొత్తం చూస్తాను. జవాబు తెలిసినప్పుడు భుజం కదులుతుంది. చెయ్యి లేవదు. పిడికిలి మూసుకుని ఉంటుంది, లోపల దుంప ఉన్నట్టు.

కిరణ్‌కి చెబితే అతనికి అర్థం కాలేదు. "జస్ట్ చెయ్యి రైజ్ చెయ్యి. కిండర్‌గార్టెన్ కిడ్స్ చేస్తారు." మరుసటి వారం ప్రయత్నించాను, చెయ్యి లేవలేదు. చెమటలు పట్టాయి. మొదటి డివిజన్‌లో వేలమంది ముందు పట్టలేదు.

అదే వారం కాపెల్ మ్యాచ్‌లో నిహ ఆఫ్‌సైడ్ అనుకుని చెయ్యి ఎత్తింది. "చెయ్యి దించు!" అని నేను మైదానమంతా వినపడేలా అరిచాను. నిహ ఉలిక్కిపడి దించి, పరిగెత్తి, బంతి ఆపింది. మ్యాచ్ అయ్యాక శ్రీకాంత్ గారు వచ్చారు.

"మేడమ్, నాకు సమజ్ గాలే. స్కూల్‌ల నేమో 'చెయ్యి ఎత్తు, చెయ్యి ఎత్తు, టీచర్లకి కనిపించాలె' అని మేం చెప్తం. మీరేమో దించమంటరు. పాప ఎవరి మాట ఇనాలె?"

ఆ ప్రశ్న నాదే.

హెల్గాకి ఫోన్ చేశాను. ట్రామ్ పని నుంచి రిటైరై, తోటలో ఏదో తవ్వుతోంది. ఉన్నదంతా చెప్పాను: డిగ్రీ, మార్షా, పోస్ట్, లేవని చెయ్యి. అవతల చాలాసేపు నవ్వు.

"రూత్, నేను నీకు చెప్పింది చేతి గురించి అనుకున్నావా ఇన్నాళ్ళూ?"

"మరి?"

"కాళ్ళ గురించి! చెయ్యి లేస్తే కాళ్ళు ఆగుతాయని. ఆ క్లాసులో నువ్వేం చేస్తున్నావు?"

"కూర్చుని ఉంటాను."

"కూర్చునే ఉన్నావుగా. నీ కాళ్ళు ఎలాగూ ఆగే ఉన్నాయి. ఎత్తు!"

తర్వాతి క్లాసులో డాక్టర్ కోల్ ఒక గోల్ వీడియో వేసి, తప్పు ఎవరిదని అడిగారు. అందరూ చివరి డిఫెండర్ అన్నారు. ఎప్పుడూ అదే అంటారు. నా చెయ్యి లేచింది. సగం దాకా లేచి ఆగింది, మళ్ళీ లేచింది. డాక్టర్ కోల్ చూపు నా మీద ఆగింది. "రూత్?"

"ఇంకాస్త ముందునుంచి చూపించండి," అన్నాను. చూపించారు. మధ్యలో ఆడే అమ్మాయి తన మనిషిని వదిలేసి నడుస్తోంది. అక్కడే మొదలైంది తప్పు, చివరి డిఫెండర్ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరిని ఒక్కతే ఆపాల్సి వచ్చింది అని చెప్పాను. ముందు వరసలో ఒక కుర్రాడు వెనక్కి తిరిగాడు. "మరి గోల్‌కీపర్? ఆమె లైన్ మీదే ఉండిపోయింది. ముందుకొచ్చి ఉంటే ఆ బంతి ఆమెదే కదా?"

మళ్ళీ చూశాం. అతను చెప్పింది నిజం. నేను గోల్‌కీపర్‌ని చూడనేలేదు. నేను చెప్పింది సగమే. నా తప్పు బయటపడితే అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. మళ్ళీ చెయ్యి ఎత్తాను. "అతను కరెక్ట్," అన్నాను. ఆ తర్వాత ఆపడం డాక్టర్ కోల్‌కి కష్టమైంది.

నిహకి, ఇది చదివే మిగతా అమ్మాయిలకి జవాబు ఇదే: పరిగెత్తుతున్నప్పుడు ఎత్తకండి. కూర్చున్నప్పుడు ఎత్తండి. బడి మానడం తప్పా అని నన్ను అడుగుతారు. మాకు అక్కడ ఆటకి, చదువుకి దార్లు వేరు, నేను ఒకటి ఎంచుకున్నాను. ఇక్కడ మీకు రెండూ ఒకే గేటులోంచి వెళతాయి. దాన్ని వదులుకోకండి.

వార్త

ఇక ఆగలేను. పాసయ్యాను! మే నెలలో. అమ్మ వైపు, నాన్న వైపు కలిపి మొదటి డిగ్రీ. అమ్మానాన్న వచ్చారు. పేర్లు అన్నీ చదివేదాకా ఎవరూ చప్పట్లు కొట్టొద్దని మైక్‌లో చెప్పారు. నా పేరు చదవగానే పైనుంచి "పద!" అని ఒక్క కేక. అమ్మదని చెప్పక్కర్లేదు. ఎక్కడికెళ్ళాలని కంగారుపడ్డ మనిషి ఆ కేక ఎప్పుడు నేర్చుకుందో ఆవిడకే తెలియాలి. అమ్మ ఆ డిగ్రీ కాగితం ఫొటో తీయించి ఫ్రిజ్ మీద అంటించింది, మేము ఓడిన మ్యాచ్‌ల పేపర్ ముక్కల పక్కన.

పోస్ట్ నాదే. మొన్న సోమవారం మొదటి ప్రాక్టీస్. ఆగస్టు ఎండ, పచ్చిక మీంచి ఆవిరి. పొద్దున్నే ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి ఒక బస్తా బంగాళాదుంపలు కొన్నాను. ఆ కౌంటర్ ఆవిడ, "ఏంటండీ, పార్టీనా?" అంది. "ఆఫీస్‌కి," అన్నాను.

డిఫెండర్లందరికీ చేతికి ఒకటి చొప్పున ఇచ్చాను. మార్షా దూరంగా ట్రక్కుకి ఆనుకుని చేతులు కట్టుకుని చూస్తోంది. దుంపలు ఎందుకో చెప్పాను, హెల్గా చెప్పినట్టే. "పద" నేర్పాను. నలుగురు అమెరికన్ అమ్మాయిలు నాలుగు రకాలుగా పలికారు. పర్వాలేదు, అవతలివాళ్ళకి అసలే అర్థం కాదు.

"ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నాను.

వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనకాల నిలబడ్డ అమ్మాయి, ఈ ఏడే చేరింది, పేరింకా నాకు నోటికి రాలేదు, నెమ్మదిగా కుడిచెయ్యి పైకెత్తింది. పిడికిలి బిగించి, దుంప కింద పడకుండా.

"అడుగు," అన్నాను.